మందు లేని తుపాకీ

టిప్పు సుల్తాన్ ఆదోని కోట మీదికి వచ్చింది 1786లో, వానాకాలం నెత్తిమీదికి వస్తున్న రోజుల్లో. కోటలో ఉన్నవాడు మహబత్ జంగ్, నిజాం సోదరుడు బసాలత్ జంగ్ కొడుకు. అతన్ని కాపాడటానికి హైదరాబాదు నుంచి మొగల్ అలీ సేనతో దిగాడు, మరాఠాలూ తోడొచ్చారు. వచ్చినవాళ్లు కోటను నిలబెట్టుకునే ఆలోచన మానుకుని, మహబత్ జంగ్‌ను వెంటబెట్టుకుని ఉత్తరానికి వెళ్లిపోయారు. వాళ్లను తరిమింది తుంగభద్ర. పైన వానలు పడి నది పొంగితే దక్షిణపు గట్టున చిక్కుబడిపోతామని వాళ్ల భయం. ఖాళీ అయిన కోటను టిప్పు పట్టుకుని బురుజులు కూలగొట్టించాడు. ఆదోనికీ నదికీ నడుమ ఉన్న పెద్దకడుబూరు వైపు నల్లరేగడి తడిస్తే బండి ఎట్లా దిగబడుతుందో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆ కాలంలో వాన అంటే తుపాకీకి కూడా గండమే. వత్తి తుపాకీ అయితే వత్తి ఆరిపోతుంది. చెకుముకి తుపాకీ అయితే రాయి రవ్వలు రాలుస్తుంది గానీ తడిసిన రంజకు అంటుకోదు. టిప్పు సేనకైనా, నిజాం సేనకైనా, కుంఫిణీ సేనకైనా ఇందులో తేడా లేదు.

ఈ ముట్టడికి ఆరేళ్ల ముందు, 1780లో, ఆస్ట్రియా సైన్యం ఒక తుపాకీని తన కొలువులోకి తీసుకుంది. దానికి వత్తి లేదు, చెకుముకి రాయి లేదు, తుపాకీమందు లేదు. పొగ రాదు, మంట కనబడదు. వెనక మడమలో కుక్కిన గాలే దాని మందు. ఒకసారి గుండ్లు నింపితే వరసగా ఇరవై దాకా పేల్చవచ్చు. మిగతా ప్రపంచం ఒక్క గుండు పేల్చి, మళ్లీ మందు పోసి, గజంతో కూరి, రంజకు చల్లుకునే రోజుల్లో సంగతి ఇది. దాన్ని చేసినవాడి పేరుతో జిరార్డోనీ తుపాకీ అంటారు. ఇప్పుడు లోకం మొత్తం మీద మిగిలినవి తక్కువ, పని చేసే స్థితిలో ఉన్నవి మరీ తక్కువ.

గాలి తుపాకీ అనగానే మనకు గుర్తొచ్చేది ఉరుకుంద ఈరన్న స్వామి జాతరలో బెలూన్లు పగలగొట్టేది. దానికీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. జాతర తుపాకీలో గాలి నిల్వ ఉండదు. గొట్టం విరిచినప్పుడు లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది, మీట నొక్కితే ఆ స్ప్రింగు అప్పటికప్పుడు ఒక గుక్కెడు గాలిని తోస్తుంది. జిరార్డోనీలో గాలిని ముందే దాచిపెడతారు, కొంచెం కొంచెంగా వాడుకుంటారు. బలంలో కూడా పోలిక లేదు. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని గాలి తుపాకీకి చట్టం పెట్టిన హద్దు 20 జౌళ్లు. జిరార్డోనీ గుండు పదకొండు మిల్లీమీటర్లు దాటిన సీసపు గుండు, దాదాపు తొమ్మిదిన్నర గ్రాములు. ఈ కాలంలో చేసిన నకళ్లతో పరీక్షిస్తే సెకనుకు 150 మీటర్ల వేగం దాటింది. లెక్కగట్టండి, 100 జౌళ్ల పైమాటే. మనిషిని చంపడానికి అది చాలు.

దూరం నుంచి చూస్తే మామూలు తుపాకీయే. నాలుగడుగుల పొడవు, నాలుగున్నర కిలోల బరువు, ఎనిమిది పలకల గొట్టం, లోపల గుండును తిప్పి పంపే మెలిక గాళ్లు. పక్కన చెకుముకి తుపాకీకి ఉన్నట్టే పైకి లేచే గుర్రం, ఇప్పుడు హ్యామర్ అంటున్నదే. దాని దవడల్లో రాయి మాత్రం ఉండదు. తేడా మడమ దగ్గర బయటపడుతుంది. అక్కడ చెక్క లేదు. వెనక్కి పోనుపోను లావయ్యే ఇనుప బుడ్డి, దాని మీద తోలు తొడుగు. భుజానికి ఆనించుకునేదీ అదే, గాలి ఖజానా కూడా అదే.

నా దృష్టిలో ఈ తుపాకీలో అసలు పనితనం ఆ బుడ్డిలోనే ఉంది. చాలామంది ఇరవై గుండ్లు చూసి ఆశ్చర్యపోతారు, నేను అతుకు చూస్తాను. ఇనుప రేకును సుత్తితో సాగగొట్టి, చుట్టి, అంచుల్ని రివిట్లతో బిగించి, ఆ సందుల్లోకి ఇత్తడి కరిగించి పోసి మూశారు. వెల్డింగు లేని కాలం. లోపల నిలవాల్సిన ఒత్తిడి చదరపు అంగుళానికి దాదాపు 800 పౌండ్లు. కారు టైరులో మనం కొట్టించేది 30, 35. బయటి గాలి ఒత్తిడికి యాభై రెట్లు పైగా ఉన్న గాలిని ఒక సిపాయి చెంపకు ఆనించుకుని గురి చూస్తాడు. అతుకులో వెంట్రుకవాసి లోపం ఉంటే శత్రువుతో పని లేదు. ఆ బుడ్డిని సాగగొట్టిన పనివాళ్లు ఎంత నమ్మకంగా కొట్టారో, దాన్ని మోసిన సిపాయి అంత నమ్మకంగా చెంప ఆనించాలి.

బుడ్డి మెడ దగ్గర మర ఉంటుంది. తిప్పితే ఊడి వస్తుంది, నిండుది తెచ్చి బిగించుకోవచ్చు. ఒక్కో తుపాకీకి మొత్తం మూడు బుడ్లు, ఒకటి తుపాకీకి, రెండు సంచిలో. ఇక్కడ ఒక సంగతి చూడాలి. ఒకే కొలతతో మరలు కోసే లేతు యంత్రాన్ని ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే సిద్ధం చేసింది 1800 ప్రాంతంలో. అంతకుముందు మర అంటే చేత్తో కోసిందే, ఒక మేకు మర ఇంకో నట్టుకు పట్టకపోవడం మామూలే. అలాంటి కాలంలో మూడు బుడ్లు ఒకే మెడకు, గాలి చుక్క జారకుండా పట్టాలి. ఆకురాయితో, ఓపికతో సాధించిన కొలత అది.

ఆ మెడ లోపల కవాటం. లోపలి స్ప్రింగూ గాలి ఒత్తిడీ కలిసి దాన్ని బిగించి మూసి ఉంచుతాయి. మీట నొక్కితే గుర్రం పడి ఒక సన్నని పుల్లను తోస్తుంది, ఆ పుల్ల కవాటాన్ని తడుతుంది. రెప్పపాటు తెరుచుకుని వెంటనే మూసుకుంటుంది. ఆ సందులో వచ్చిన గాలే గుండును తోసుకుపోతుంది. కవాటం కాస్త ఎక్కువసేపు తెరుచుకుంటే బుడ్డి నాలుగు దెబ్బలకే ఖాళీ, కాస్త తక్కువైతే గుండు కాళ్ల ముందు పడుతుంది. ఈ రెండింటి మధ్య సరిగ్గా కొలిచి పెట్టాడు కాబట్టే ఒక బుడ్డికి ముప్పై దెబ్బల దాకా వచ్చేవి. కవాటం బిగువు, స్ప్రింగు బలం, గుర్రం వేటు, మూడూ ఒకదాన్నొకటి చూసుకుని కుదరాలి. దీన్ని కాగితం మీద లెక్కగట్టే శాస్త్రం అప్పటికి పుట్టలేదు, చెవితో, వేలితో సరిచేసుకోవాల్సిందే.

ఇక గుండ్ల అమరిక. గొట్టానికి కుడి పక్కన, దాన్ని అంటుకునే, ఇంకో సన్నని గొట్టం. అందులో ఇరవై పైచిలుకు గుండ్లు వరసగా ఉంటాయి. గొట్టం మొదట్లో అడ్డంగా జరిగే ఒక దిమ్మ, దిమ్మకు ఒక బెజ్జం. సిపాయి తుపాకీ మూతిని కాస్త పైకెత్తి బొటనవేలితో దిమ్మను నొక్కుతాడు. బెజ్జం పక్క గొట్టానికి ఎదురవుతుంది, తన బరువుకు తానే ఒక గుండు దొర్లి అందులో కూర్చుంటుంది. వేలు తీస్తే పలక స్ప్రింగు దిమ్మను వెనక్కి లాగి పెద్ద గొట్టానికి ఎదురు పెడుతుంది. గుర్రం లాగు, గురి చూడు, మీట నొక్కు. అంతే.

ఈ దిమ్మను నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే. గుండును ముందుకు తోయడానికి స్ప్రింగు పెట్టలేదు, పళ్ల చక్రం పెట్టలేదు. బరువున్న గుండు కిందికి దొర్లుతుంది, ఆ గుణాన్నే నౌకరీలో పెట్టుకున్నాడు. చెడిపోవడానికి అక్కడ ఏమీ లేదు. పైగా ఒకే దిమ్మ రెండు పనులు చేస్తుంది. గుండును తెచ్చేదీ అదే, పేలేటప్పుడు వెనక దారిని గాలి పోకుండా మూసేదీ అదే. దిమ్మ వేలితో సులువుగా జరగాలి, కానీ చుట్టూ గాలి జారకూడదు. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి పడవు, రెంటినీ ఒప్పించడంలోనే ఆ చెయ్యి తెలుస్తుంది. గుండ్లు కూడా అంతే. ఒక్కటి లావైనా పక్క గొట్టంలో ఇరుక్కుంటుంది, సన్నమైతే గాలి పక్కనుంచి జారిపోతుంది. అందుకే తుపాకీతో పాటు దాని కొలతకు సరిపడే అచ్చు కూడా ఇచ్చేవాళ్లు. ఇరవై గుండ్లు పట్టే రేకు గొట్టాలు కొన్ని సంచిలో ఉండేవి, వాటి నుంచి ఒక్క ఒంపులో తుపాకీలోకి పోసుకోవచ్చు.

ఫలితం ఏమిటంటే, ఒక నిమిషం లోపల ఇరవై గుండ్లు. మామూలు సిపాయి నిమిషానికి రెండు మూడు, చెయ్యి బాగా తిరిగినవాడైతే. పైగా మామూలు తుపాకీలో మందు కూరడానికి నిలబడాలి. దీనికి మూతిని కాస్త ఎత్తడం తప్ప ఇంకేమీ అక్కర్లేదు కాబట్టి పడుకునీ, చెట్టు చాటు నుంచీ పేల్చవచ్చు. పొగ లేదు కనుక ఎక్కడి నుంచి వచ్చిందో అవతలివాడికి తెలియదు. శబ్దం అసలు రాదని కొందరు రాస్తుంటారు, అది అతిశయోక్తి. శబ్దం ఉంది, మందు తుపాకీ అంత లేదు.

మరి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? చేతి పంపు నుంచి. ఒక బుడ్డి నిండాలంటే దాదాపు 1,500 సార్లు కొట్టాలి. మూడు బుడ్లకు 4,500. పత్తి చేలో మందు కొట్టే చేతి పంపు ఎరిగిన రైతుకు ఈ తుపాకీ గుణం మొత్తం తెలిసినట్టే. మొదట్లో ధార దూరంగా పడుతుంది, పోనుపోను దగ్గరవుతుంది, తోలు వాషర్ ఎండితే ఎంత కొట్టినా గాలి పట్టదు. ఇక్కడా అంతే. బుడ్డి నిండుగా ఉన్నప్పటి గుండు నూరు గజాలు దాటి నికరంగా తగులుతుంది, చివరి గుండ్లు నీరసిస్తాయి. కనుక తాను కొడుతున్నది ఎన్నో గుండో సిపాయి మనసులో లెక్క పెట్టుకుంటూ గురి ఎత్తు మార్చుకోవాలి. ఎడాపెడా పేల్చేవాడి చేతికి ఇచ్చే ఆయుధం కాదిది. తోలు ఉంగరాలను తడిగా ఉంచుకోవడం రోజువారీ పని. వానకు భయపడని తుపాకీ ఎండకు భయపడుతుందన్నమాట. మన ఆదోని మే నెలలో దీని వాషర్లు ఎన్నాళ్లు నిలిచేవో!

సైన్యం ఈ కష్టాన్ని ఊహించకపోలేదు. ప్రతి తుపాకీకి ఒక తోలు సంచి, అందులో పంపు, బుడ్లు, గుండ్లు, అచ్చు, సీసం పోసే గరిటె. వెనకాల బండి మీద పెద్ద పంపు కూడా వచ్చేది, ఖాళీ బుడ్లు అక్కడ నింపేవాళ్లు. ఆలోచన బాగుంది. కానీ యుద్ధంలో బండి ఎప్పుడూ ఉండాల్సిన చోట ఉండదు.

చేసినవాడి గురించి రెండు ముక్కలు. బార్తలొమియో జిరార్డోనీ 1744లో ఆల్ప్స్ కొండల్లోని కోర్తీనా దంపెజ్జోలో పుట్టాడు. అది ఇప్పుడు ఇటలీలో ఉంది, అప్పుడు ఆస్ట్రియా ఏలుబడి. పద్ధతి 1779 నాటికి సిద్ధం చేశాడు, చక్రవర్తి రెండవ జోసెఫ్ మెచ్చి సైన్యానికి చేయించాడు. వియన్నా పక్కన పెన్జింగ్‌లో కార్ఖానా నడిచింది, 1799లో అక్కడే చనిపోయాడు. మొత్తం మీద తయారైనవి సుమారు 1,500 లోపేనని అంచనా. ఒక సామ్రాజ్యపు సైన్యానికి ఇది పిడికెడు.

1788 నుంచి 1791 దాకా ఆస్ట్రియా తురుష్కులతో చేసిన యుద్ధంలో ఈ తుపాకులు దిగాయి. మనకు ఇక్కడ ఒక చిన్న ముడి కనిపిస్తుంది. ఆదోని పడిన ఆ 1786లోనే టిప్పు రాయబారులు ఇస్తాంబుల్ సుల్తాన్ స్నేహం కోరి ఓడెక్కారు. ఏ సుల్తాన్ అండ కోసం మైసూరు అంత దూరం కబురు పంపిందో, ఆయన సేన మరి రెండేళ్లకు ఈ పొగలేని తుపాకులకు ఎదురు నిలిచింది. తర్వాత ఫ్రెంచివాళ్లతో యుద్ధాల్లోనూ వాడారు. గాలి తుపాకీతో దొరికినవాణ్ని అక్కడికక్కడే చంపమని నెపోలియన్ ఆజ్ఞ ఇచ్చాడని ఒక కథ తిరుగుతుంది. రుచిగా ఉంది గానీ నేను నమ్మను, ఇలాంటి కథలు అరుదైన ప్రతి ఆయుధం చుట్టూ అల్లుకుంటాయి.

1815 నాటికి సైన్యం వీటిని పూర్తిగా పక్కన పెట్టింది. ఎందుకంటే, చెకుముకి తుపాకీ చెడితే ఏ ఊరి కమ్మరైనా ఏదో ఒకటి చేసి నడిపించగలడు. జిరార్డోనీ కవాటం చెడితే దాన్ని ఎరిగినవాడే రావాలి. బుడ్డి సొట్ట పడితే, మర అరిగితే, తోలు చిట్లితే పేలనే పేలదు. సిపాయికి ప్రత్యేకంగా నేర్పాలి, బాగు చేసేవాడికి ఇంకా ఎక్కువ నేర్పాలి. లోపం ఊహలో లేదు, తుపాకీలోనూ లేదు. అంత పనితనాన్ని వేల సంఖ్యలో పునరావృతం చేయగల కార్ఖానా ఆనాటి లోకంలో లేదు.

ఈ తుపాకీ ఎక్కువ పేరు తెచ్చుకుంది మాత్రం యుద్ధంలో కాదు, అమెరికాలో. ప్రెసిడెంటు జెఫర్సన్ పంపగా మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ పడమటి సముద్రం దాకా వెళ్లి 1806లో తిరిగొచ్చారు. లూయిస్ దగ్గర ఒక గాలి తుపాకీ ఉండేది. 1803 ఆగస్టు 30న పిట్స్‌బర్గ్‌లో పడవ కదిలిన రోజే దాన్ని ఒక లంకలో జనానికి చూపించాడు. 55 గజాల దూరానికి ఏడుసార్లు కొట్టి, బాగానే తగిలాయని రాసుకున్నాడు. తర్వాత దాని గుట్టు తెలియని ఒక పెద్దమనిషి చేతిలో పెట్టాడు. అది పేలిపోయింది. 40 గజాల అవతల ఒక స్త్రీ టోపీలోంచి దూసుకుపోయి కణత గీరింది. నెత్తురు కారి ఆమె పడిపోతే అందరూ చనిపోయిందనుకున్నారు. అదృష్టవశాత్తు పైగాయమే, లేచి కూర్చుంది. పొగా నిప్పూ కనబడని తుపాకీ నిండుగా ఉందో లేదో చూసి తెలుసుకోలేమన్న సంగతి ఆ రోజు అక్కడున్నవాళ్లందరికీ అర్థమై ఉంటుంది.

దారి పొడవునా ఎదురైన తెగల ముందు లూయిస్ దీన్ని పేల్చి చూపించేవాడు. 1804లో యాంక్టన్ సూ వాళ్ల ముందు, 1805లో షొషోనీల ముందు. మందు పోయకుండా వరసగా పేలే తుపాకీ. ఇలాంటివి వీళ్ల దగ్గర ఎన్ని ఉన్నాయో చూసేవాళ్లకు తెలియదు, లూయిస్ చెప్పడు. ముప్పై చిల్లర మంది ఉన్న గుంపు అంత దూరం వెళ్లి రావడంలో ఈ ప్రదర్శనకూ వాటా ఉందని చరిత్రకారులు అంటారు. మర్యాదగా చెప్పుకుంటారు గానీ, అది బెదిరింపే.

ఆ తుపాకీ ఏదన్న దాని మీద చాలాకాలం తగువు నడిచింది. ఫిలడెల్ఫియా పనివాడు ఐజయా లూకెన్స్ చేసిన ఒంటి గుండు తుపాకీ అని ఒక తరం నమ్మింది. కానీ 1803 సెప్టెంబరులో వీలింగ్ ఊళ్లో లూయిస్‌ను కలిసిన న్యాయాధికారి థామస్ రాడ్నీ తన దినచర్యలో ఆ తుపాకీ 22 సార్లు పేలుతుందని, గుండ్లన్నీ పక్క గొట్టంలో ఉంటాయని రాసిపెట్టాడు. ఆ వాక్యాలు వెలుగులోకి వచ్చాక లూకెన్స్ వాదన నిలవడం కష్టమైంది. ఇంకో ఆనవాలు కూడా ఉంది. 1805 జూన్ 10న, తన గాలి తుపాకీ పెద్ద స్ప్రింగును గుంపులోని కమ్మరి జాన్ షీల్డ్స్ కొత్తగా వేశాడని లూయిస్ రాశాడు. అమెరికాలో గాలి తుపాకుల పరిశోధకుడు రాబర్ట్ బీమన్ దగ్గరున్న ఒక జిరార్డోనీని విప్పి చూస్తే, పెద్ద స్ప్రింగు అసలుది కాదు. ఒక ఆకురాయిని మలిచి చేసింది. లూయిస్ మోసినది ఇదేనని బీమన్ వాదన. పూర్తిగా తేలిందని నేను అనను, కానీ ఇప్పటిదాకా వచ్చిన వాదనల్లో బలమైనది ఇదే. అడవిలో కొలిమి పెట్టుకుని, ఆకురాయి కాల్చి మలిచి, వియన్నా పనివాడి కొలతకు సరిపెట్టిన ఆ షీల్డ్స్ పనితనాన్ని జిరార్డోనీ పక్కనే నిలబెట్టాలి. కవాటానికీ స్ప్రింగుకూ గుర్రానికీ కుదరాల్సిన తూకం ఎంత సున్నితమో పైన చెప్పుకున్నాం కదా, దాన్ని అక్కడ పట్టుకున్నాడు.

వియన్నాలో ఆస్ట్రియా సైనిక చరిత్ర మ్యూజియంలో జిరార్డోనీ తుపాకీ ఉంది. బీమన్ తన తుపాకీని అమెరికా సైన్యానికి ఇచ్చేశారు, అది పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఉన్న సైనిక వారసత్వ కేంద్రానికి చేరింది. ఇటువైపు నుంచి పిల్లల దగ్గరికని న్యూజెర్సీ వెళ్లే అమ్మానాన్నలు ఇప్పుడు తక్కువేమీ కాదు, అక్కడి నుంచి కార్లైల్ కారులో మూడు గంటల దారి. బయల్దేరే ముందు ఆ తుపాకీ ప్రదర్శనలో పెట్టారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. పెట్టి ఉంటే, ఇరవై గుండ్ల గొట్టం దగ్గర అందరూ ఆగుతారు, మీరు వెనక మడమ దాకా వెళ్లి ఆ అతుకు చూడండి.